కంచెకు అవతల పదకొండు రాళ్ళు

గ్లెన్ ఓరన్, కేప్ బ్రెటన్
3 అక్టోబరు 1964

మహా ఘనత వహించిన ఫాదర్ గారి దివ్య సముఖానికి,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ బావ హెక్టర్ మోకాలు వాన పడే ముందు రోజు మాత్రం పనిచేయదు. అంటే ఈ ఊళ్ళో ఏ రోజూ పనిచేయదు. హెర్రింగ్ చేపలు రెండు పీపాలు ఉప్పేశాం. ఎర్రావు వట్టిపోయింది. తమరు బిషప్ గారి ఇంట్లో వెన్న రాసిన రొట్టె తింటూ ఈ కష్టాలన్నీ చదువుకోండి.

ఉత్తరం రాస్తున్నది మాత్రం చేపల కోసం కాదు. పోయిన ఆదివారం మా ఫాదర్ గిలిస్ ప్రసంగం చేశాడు. ప్రభువు చిన్నపిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్న ఘట్టం. పసివాళ్ళ ప్రాణం ఎంత పవిత్రమో నలభై నిమిషాలు చెప్పాడు, చెప్పి రెండుసార్లు కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకున్న ఆ రుమాలు మడిచి జేబులో పెట్టుకోకముందే ప్రకటన చదివాడు. ఊళ్ళో కార్లు ఎక్కువయ్యాయట. ఆదివారం బురదలో చక్రాలు దిగబడుతున్నాయట. అందుకని సమాధుల తోట కంచెకు అవతల, స్ప్రూస్ చెట్టు దాకా ఉన్న ముక్క చదును చేసి కంకర పోయిస్తాడట. బిషప్ గారు సంతకం పెడితే మంచు కరగగానే పని మొదలు.

తమరు పెద్ద చదువుల్లో పడి మరిచిపోయి ఉంటారు, గుర్తు చేస్తాను. ఆ ముక్కలో పదకొండు తెల్లరాళ్ళు ఉన్నాయి. సముద్రపు ఒడ్డు నుంచి తండ్రులు మోసుకొచ్చినవి. జ్ఞానస్నానం నీళ్ళు తల మీద పడకముందే పోయిన బిడ్డలు వాటి కింద ఉన్నారు. వాళ్ళకి మంత్రించిన నేల పనికిరాదని, గంట కొట్టకూడదని, గుడి గురువు రాకూడదని కదా తమరి వాళ్ళ నియమం. తండ్రి చిన్న పెట్టె చంకలో పెట్టుకుని వెళ్ళి తానే గుంట తవ్వి పాతిపెట్టి వచ్చేవాడు. చెట్టు నుంచి లెక్కపెడితే మూడో రాయి నాది. హెక్టర్ తెచ్చాడు. ఆ తర్వాత మాకు మళ్ళీ పిల్లలు పుట్టలేదన్న సంగతి తమరికి తెలుసు.

సంతకానికి వచ్చే కాగితం ముందు బిషప్ గారి సెక్రటరీగా తమరి బల్ల మీదికే వస్తుందని విన్నాను. తమరి మాట అక్కడ చెల్లుతుందని ఊరంతా అనుకుంటారు. మా ఇంట్లో ఏనాడూ చెల్లలేదు కనుక నాకు వింతగా ఉంది. నిజమైతే ఆ కాగితం ఆపించండి.

ఇట్లు, తమరి మందలోని ఒక ముసలి గొర్రె,
మోరాగ్ రాంకిన్

*

బిషప్ గారి నివాసం
14 అక్టోబరు 1964

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం అందింది. బావ మోకాలికి కర్పూరం కలిపిన నూనె మంచిదని ఇక్కడి మఠకన్యలు చెబుతున్నారు. ఒక సీసా పంపుతున్నాను.

ముందుగా ఒక మాట అడగాలి. నేను నీ తమ్ముణ్ణి. నా పేరు లాక్లన్. చిన్నప్పుడు చెవి మెలిపెట్టి ఆ పేరుతోనే కేకలేసేదానివి. ఇప్పుడు ‘ఫాదర్ గారు’, ‘తమరు’ అంటావు. ఇరవై ఆరేళ్ళుగా నీ ఉత్తరాల్లో నా పేరు ఒక్కసారైనా లేదు. నేను గురువునవడం నీకు ఇష్టం లేదా? లేకపోతే సూటిగా చెప్పు.

ఇక విషయానికి వస్తే, కంచెకు అవతలి స్థలం మంత్రించినది కాదు. కాబట్టి మీ గుడి అవసరాలకు దాన్ని వాడుకోవడంలో నియమభంగం ఏమీ కనిపించదు. ఆ శిశువుల గురించి కలత పడకు. జ్ఞానస్నానం లేని పసివాళ్ళు చేరే లింబోలో వాళ్ళకు బాధ ఉండదు. దైవదర్శనం ఉండదు గానీ, వాళ్ళ స్థితికి తగిన సంతోషం ఉంటుందని పండితులు అంటారు.

నీ మనసులోని బాధ నాకు అర్థమైంది. నీ కోసం తప్పకుండా ఏదో ఒకటి చేస్తాను. వచ్చే ఏడాది పండుగల క్యాలెండరు, ఈ డిసెంబరు నెల కూడా కలిపి అచ్చువేసినది, ఇందులో పెడుతున్నాను.

నీ తమ్ముడు,
లాక్లన్

*

గ్లెన్ ఓరన్
22 అక్టోబరు 1964

లింబో సంగతులు స్వయంగా చూసి వచ్చిన ఫాదర్ గారికి,

నూనె అందింది. హెక్టర్ వాసన చూసి తుమ్మి, దాన్ని గుర్రపు జీనుకు రాశాడు. జీను మెరుస్తోంది. మఠకన్యలకు మా కృతజ్ఞతలు.

క్యాలెండరు పొయ్యి పైన తగిలించాను. మీరు పంపే ముందు తిరగేసి చూసుకోలేదనుకుంటా. డిసెంబరు ఇరవై ఎనిమిది చూడండి. నిరపరాధ శిశువుల పండుగ. బేత్లెహేములో హేరోదు నరికించిన పసివాళ్ళు, బొమ్మలో తల తలకీ బంగారు వలయం. లోకమంతా ఆ రోజు వాళ్ళకి పూజ చేస్తుంది. ఫాదర్ గారూ, వాళ్ళకి జ్ఞానస్నానం ఎవరిచ్చారు? యొర్దాను నదిలో జ్ఞానస్నానాలిచ్చిన యోహాను అప్పటికి ఇంకా పాలు తాగుతున్నాడు కదా! వాళ్ళకి నీళ్ళు పడకపోయినా మోక్షం దొరికింది. మా వాళ్ళకి కంకర దొరుకుతోంది.

నన్నడిగితే హేరోదే నయం. వాడు ఆ పిల్లల్ని లెక్కలోకి తీసుకున్నాడు, వాళ్ళంటే భయపడ్డాడు. మా ఫాదర్ గిలిస్‌కి భయం కూడా లేదు. టైరుకి బురద అంటకపోతే చాలు.

మొన్న నేనే వెళ్ళి అడిగాను. గుడి మెట్ల మీద తన కొత్త కారు అద్దం తుడుచుకుంటున్నాడు.

“ఫాదర్, ఆ రాళ్ళని ఏం చేస్తారు?” అన్నాను.

“రాళ్ళకేమమ్మా, పారేస్తామా? గుడి ముందు పూలమడి చుట్టూ పేర్పిస్తాను. తెల్లగా ముచ్చటగా ఉంటాయి.”

“మరి పిల్లల్ని?”

“ఏ పిల్లల్ని?” అన్నాడు.

ఎగతాళికి అన్నమాట కాదది. నిజంగానే అడిగాడు, చేతిలో గుడ్డ పట్టుకుని. నేను వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేశాను.

ఆ ముక్కలో ఫ్లోరా మెకీచన్ కవలలు ఉన్నారు. రెండు రాళ్ళు, పెట్టె మాత్రం ఒకటే. విడదీయడానికి మనసొప్పలేదట. అన్నిటికన్నా పాత రాయి ముసలి కాట్రియోనాది. ఎనభై దాటింది, కళ్ళు కనపడవు. ఆదివారం పూజకి వచ్చే ముందు కర్రతో తడుముకుంటూ వెళ్ళి రాయిని ఒకసారి కర్ర కొసతో తట్టి వస్తుంది. నిద్ర లేపుతుందో, ఉన్నావా అని అడుగుతుందో నేనెప్పుడూ అడగలేదు. కంకర పోశాక దేన్ని తట్టమంటారు?

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అనలేదు. నా పేరు, మీ పేరు అని మీ గోల మీది. పిలుపు సంగతి తర్వాత. కాగితం ఏమైంది?

మోరాగ్ రాంకిన్

*

బిషప్ గారి నివాసం
9 నవంబరు 1964

ప్రియమైన అక్కకు,

శుభవార్త. మూడు వారాలు తగిన సమయం కోసం చూసి, నిన్న భోజనం తర్వాత బిషప్ గారితో మాట్లాడాను. మన కుటుంబ సేవలను దృష్టిలో పెట్టుకుని ఆయన పెద్ద మనసు చేసుకున్నారు. నీ బిడ్డను అక్కడి నుంచి తీసి, కంచె లోపల అమ్మానాన్నల పక్కన పెట్టుకోవడానికి అనుమతి ఇచ్చారు. ప్రత్యేకమైన అనుగ్రహం ఇది. ప్రార్థన, గంట ఉండకూడదు. పని లేని రోజు చూసి నిశ్శబ్దంగా జరిపించాలి. ఫాదర్ గిలిస్‌కి కూడా ఉత్తరం రాశాను. వసంతంలో కంకర పని మొదలయ్యే లోపల పూర్తి చేసుకోవచ్చు.

నీ ప్రశ్నకు జవాబు: బేత్లెహేము శిశువులు ప్రభువు కోసం చనిపోయారు. దాన్ని రక్త జ్ఞానస్నానం అంటారు. నీళ్ళకు బదులు వాళ్ళ రక్తమే సరిపోయింది. సాధారణంగా చనిపోయిన శిశువులకు ఇది వర్తించదు. శాస్త్రం కఠినంగా కనిపించవచ్చు, కానీ దానిలో ఒక క్రమం ఉంది.

ఇప్పుడైనా నీకు మనశ్శాంతి కలిగిందని ఆశిస్తాను. కాగితం మీద మన ఇద్దరి పేర్లూ ఉన్నాయి. దాన్ని భద్రపరుచుకో.

నీ తమ్ముడు,
లాక్లన్

*

గ్లెన్ ఓరన్
16 నవంబరు 1964

సిఫార్సుల ఫాదర్ గారికి,

పదకొండు మందిలో ఒకడికి సిఫార్సు తెచ్చారు. బాగుంది. లింబోలో కూడా పలుకుబడి పనిచేస్తుందని తెలియక ఇన్నాళ్ళూ ఏడ్చాను.

నేను ఒక్కడి కోసం అడిగానా? ఉత్తరం తీసి మళ్ళీ చదవండి. పదకొండు అని రాశాను, అంకె కూడా కాదు, అక్షరాల్లో. పండితుల గ్రంథాలు చదివే వాళ్ళకి అక్క చేతిరాత అర్థం కాలేదు.

తమరి అనుగ్రహం ఇక్కడ ఏం చేసిందో వినండి. ఫాదర్ గిలిస్‌కి సంతోషం పట్టలేదు. గొడవ తీరిపోయిందనుకున్నాడు. పూజ అయ్యాక కాట్రియోనా చెయ్యి పట్టుకుని, “మోరాగ్ పిల్లవాణ్ణి లోపలికి తెచ్చుకుంటోందమ్మా. తమ్ముడు బిషప్ గారి దగ్గరే కదా. ఇక మిగిలిన వాటి గురించి ఆమె కూడా పట్టుబట్టదులే,” అన్నాడట. ‘మిగిలిన వాటి’ అన్నాడు, విన్నారా?

మర్నాడు పొద్దున్నే ఫ్లోరా వచ్చింది. పోయిన చలికాలం నా దగ్గర తీసుకున్న వెన్న అచ్చు కడిగి, తుడిచి, గడప మీద పెట్టి వెళ్ళిపోయింది. లోపలికి రమ్మన్నా రాలేదు. ముప్పై ఏళ్ళ స్నేహం. ఈ ఊళ్ళో అరువు తెచ్చిన వస్తువు అడగకుండా తిరిగిచ్చారంటే ఇక మాటల్లేవని అర్థం. తమరికి ఆ సంగతి గుర్తుండే ఉంటుంది, లేదా దానికీ గ్రంథం వెతకాలా?

పరుగెత్తుకుంటూ వెనకాలే వెళ్ళాను. “నేను అడగలేదే ఫ్లోరా” అన్నాను. “నువ్వు అడగక్కర్లేదు మోరాగ్, నీకు అడిగే వాళ్ళున్నారు” అంది.

అనుమతి కాగితం పొయ్యిలో వేశాను. మంచి కాగితం, చాలాసేపు మండింది.

రక్తం, నీళ్ళు, క్రమం అంటారు. ఒక సంగతి రాస్తాను, ఇన్నాళ్ళూ రాయనిది. ఆ రోజు నేను స్పృహలో లేనని అందరూ అనుకున్నారు. ఉన్నాను. మంత్రసాని కెర్‌స్టీ నా రక్తం ఆపడానికి రెండు చేతులూ పెట్టి తంటాలు పడుతోంది. హెక్టర్ మంచులో గురువు కోసం వెళ్ళాడు. పక్క గదిలో ఒకరు నీళ్ళ గిన్నె పెట్టుకుని కాగితాలు తిప్పుతున్నారు. ఆ చప్పుడు నాకు వినిపించింది. ఒక కాగితం, ఇంకో కాగితం, ఇంకో కాగితం. ఆ తర్వాత ఆగింది.

మోరాగ్ రాంకిన్

*

బిషప్ గారి నివాసం
1 డిసెంబరు 1964

అక్కా,

నీకు తెలియదనుకున్నాను. ఇరవై ఆరేళ్ళు అలా అనుకునే బతికాను.

నాకు పందొమ్మిదేళ్ళు. గురువుల చదువు చదివే సెమినరీ నుంచి సెలవుకి వచ్చాను. కెర్‌స్టీ బిడ్డను దుప్పట్లో చుట్టి నా ముందు బల్ల మీద పెట్టి, గిన్నె నా చేతికిచ్చింది. “నువ్వే తల మీద నీళ్ళు పొయ్యి నాయనా, ఎవరైనా పోయచ్చు” అంది. ఎవరైనా పోయవచ్చు అక్కా. పాలేరు పోయవచ్చు, అన్యమతస్థుడు పోయవచ్చు. నేను మాత్రం పోయలేకపోయాను. బిడ్డ ఊపిరి ఉందో లేదో తెలియలేదు. చనిపోయిన వాళ్ళకు సంస్కారం ఇవ్వడం పాపమని అప్పుడే నేర్చుకుని వచ్చాను. తప్పు చేస్తానేమోనని పుస్తకం తీశాను. అనుమానంగా ఉంటే ‘నువ్వు బతికి ఉన్నట్టయితే’ అని ముందు చేర్చి పోయవచ్చని అందులో ఉంది. నలభై మూడో పేజీ. ఆ పేజీ దొరికేసరికి వాడి పెదవులు నల్లబడ్డాయి. అంతకు ముందు నల్లగా లేవు. అంటే వాడు బతికే ఉన్నాడు. నేను వెతుకుతున్నంతసేపూ బతికే ఉన్నాడు.

కెర్‌స్టీ వచ్చి చూసింది. నా చేతిలో గిన్నె తీసుకుని నీళ్ళు కిటికీలోంచి మంచులో పారబోసింది.

ఆ తర్వాత నేను నియమాలు బాగా తెలిసినవాడినని పేరు తెచ్చుకున్నాను. బిషప్ గారికి ఏ సందేహం వచ్చినా నన్నే పిలుస్తారు. ఏ పేజీలో ఏముందో వెతక్కుండా చెప్పగలను.

నా పేరు ఎందుకు రాయవో ఇప్పుడు అర్థమైంది. ఆ పేరు తలచుకోవడానికి కూడా నీకు అసహ్యం కలగడం న్యాయమే. ఇక అడగను.

కంకర కాగితం నా సొరుగులో ఉంది. బిషప్ గారి ముందు పెట్టలేదు. ఇక పెట్టను. ఇరవై ఎనిమిదో తేదీ పొద్దున వస్తున్నాను. అనుమతి ఏదీ తీసుకురావడం లేదు. కంచెకు అవతల పూజ చేస్తాను. ఒక బల్ల కావాలి. ఫ్లోరాకి, కాట్రియోనాకి నువ్వే చెప్పు. రాకపోయినా చేస్తాను.

లాక్లన్

*

గ్లెన్ ఓరన్
17 జనవరి 1965

లాక్లన్,

నిన్ను సెక్రటరీ పనిలోంచి తీసేశారని పోస్టుమాస్టరు నాకన్నా ముందే తెలుసుకుని నాకు చెప్పాడు. ఉత్తర కొసన నలభై ఇళ్ళ ఊరి గుడికి పంపుతున్నారట, రోడ్డు కూడా సరిగా లేదట. మంచిదే. అక్కడ నిన్ను సందేహాలు అడిగే వాళ్ళు ఉండరు. రొట్టె కాల్చుకోవడం నేర్చుకో. చిన్నప్పుడు నువ్వు కాల్చింది కోడి కూడా ముట్టలేదు.

ఆ రోజు నువ్వు బల్ల వైపు తిరిగి పూజ చేస్తుంటే నీ వీపే మాకు కనపడింది. నీ వెనక ఏం జరిగిందో నీకు తెలియదు. చెబుతాను.

బల్ల కుంటుతోందని నువ్వు కంగారుపడ్డావు చూడు, ఎవరో కాలి కింద చెక్క పెట్టారు. ఫ్లోరా పెట్టింది. మోకాళ్ళ మీద మంచులో పాక్కుంటూ వచ్చి పెట్టింది. గాలికి గుడ్డ ఎగిరిపోతుంటే చివరిదాకా ఆ కొస పట్టుకుని అక్కడే కూర్చుంది. నాతో మాట్లాడలేదు. కానీ నిన్న వచ్చి వెన్న అచ్చు మళ్ళీ అడిగి పట్టుకుపోయింది. ఇంకేం కావాలి?

కాట్రియోనా తన రాయి మీద కర్ర ఆనించి పూజ అంతసేపూ నిలబడింది. కూర్చోమంటే, “యాభై మూడేళ్ళ నించి వీడు బయటే ఉన్నాడు, నేనొక గంట నిలబడలేనా?” అని కసిరింది. మొత్తం అరవై ఏడుగురు వచ్చారు. పది కుటుంబాలకి అంతమంది ఎలా ఉంటారు? రాయి కూడా పెట్టని వాళ్ళు ఇంకా ఉన్నారు లాక్లన్. బిడ్డను పెట్టి, గుర్తు లేకుండా మన్ను కప్పి, ఎవరికీ చెప్పకుండా బతికిన వాళ్ళు. మర్నాడు చూస్తే పంతొమ్మిది రాళ్ళున్నాయి. కొత్తవాటి మీద ఇంకా సముద్రపు నాచు ఉంది.

ఫాదర్ గిలిస్ మొదట గుడి తలుపు దగ్గరే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తర్వాత తన కారు దాకా వచ్చాడు. నువ్వు పూజలో ద్రాక్షరసం గిన్నె ఎత్తినప్పుడు టోపీ తీశాడు. నేను చూడటం చూసి తల దురద పెట్టినట్టు గోక్కున్నాడు. పోయిన ఆదివారం ప్రకటన వినవలసింది. కార్లకి గడ్డివాము వైపు స్థలం బాగుంటుందని బాగా ఆలోచించిన మీదట తనకే తట్టిందట! పోనీ, అలాగే అననీ. రాళ్ళు ఉంటే చాలు.

ఇప్పుడు నీ ఉత్తరం సంగతి. ఎప్పటిలాగే తప్పుగా అర్థం చేసుకున్నావు. అంత చదివి ఏం లాభం?

పూజ అయ్యాక నువ్వు మూడో రాయి దగ్గర వంగి, సీసాలో తెచ్చిన నీళ్ళు దాని మీద పోశావు. పుస్తకం చూడకుండా పోశావు. “చచ్చిన వాళ్ళకి ఇది చెల్లదక్కా, నాకు తెలుసు” అన్నావు. చెల్లుతుందో లేదో దేవుడు చూసుకుంటాడు, నీ కన్నా పెద్ద పండితుడు ఆయన. అప్పుడు అడిగావు, “వాడికి ఏం పేరు పెట్టాలనుకున్నావక్కా?” అని. నేను కెటిల్ పొంగిపోతోందని చెప్పి ఇంటికి వెళ్ళిపోయాను. పొయ్యి మీద కెటిల్ లేదు.

నువ్వు గిన్నె పట్టుకుని నిలబడినందుకు చాలాకాలం కోపం ఉండేది. లేదని అబద్ధం ఆడను. పండగకి వచ్చిన ప్రతిసారీ నీకు మాడిన రొట్టె పెట్టాను. కానీ పేరు రాయకపోవడం అందుకు కాదు.

వాడు కడుపులో కదలడం మొదలైన రోజు నుంచీ వాణ్ణి ఆ పేరుతోనే పిలిచాను. పాలు పితుకుతూ, చేపలు తోముతూ. హెక్టర్ తన తండ్రి పేరు అన్నాడు, నేను ఒప్పుకోలేదు. మా ఇంట్లో చదువుకునేవాడు ఒకడున్నాడు, వాడి పేరే పెడతానన్నాను. జ్ఞానస్నానం లేని బిడ్డకి పేరు లేదన్నారు, గుడి పుస్తకంలో ఎక్కదన్నారు. ఎక్కకపోతే మానె. నా దగ్గర ఉంది కదా. కానీ నీకు ఉత్తరం రాద్దామని కూర్చుని ఆ పేరు కాగితం మీద పెట్టబోయిన ప్రతిసారీ చెయ్యి సాగేది కాదు. అది వాడిది. వాడికి ఉన్నది అదొక్కటే. దాన్ని తీసి నీకు ఎలా ఇవ్వను? అందుకే ఫాదర్ గారన్నాను, తమరన్నాను, నోటికొచ్చిందల్లా అన్నాను.

ఇప్పుడు అందరి ముందూ వాడి మీద నీళ్ళు పడ్డాయి. పేరు వాడికి స్థిరపడింది, ఇక ఎవరూ తీసుకోలేరు. కాబట్టి నీది నీకు తిరిగి రాస్తున్నాను. ఈ ఉత్తరం పైన నాలుగుసార్లు ప్రయత్నించి, నాలుగు కాగితాలు పాడుచేసి రాశాను.

హెక్టర్ పాత ఉన్ని చొక్కా పంపుతున్నాను. మోచేతుల దగ్గర కుట్టాను. నీకు పొడుగవుతుంది, చేతులు మడుచుకో.

మీ అక్క